కృష్ణబిలములు, క్వేసార్లు: ఊహ విజ్ఞానమగు విధము

ఆకాశమును గూర్చిన సంగతులు నేడు పట్టణములకే పరిమితములు కావు. వార్తాపత్రిక, టెలివిజను, చేతిఫోను మూలమున కృష్ణబిలము, క్వేసారు అను మాటలు మారుమూల పల్లెలకు సైతము చేరినవి. చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములందు వేరుసెనగ చేనికి కాపలా పోవు రైతును, టమోటా గంపలను తెల్లవారకమునుపే మార్కెట్టుకు చేర్చు కూలీయును రాత్రి ఆకాశమును పట్టణవాసికన్న ఎక్కువగా చూచుచుందురు. చూచువానికి ప్రశ్న పుట్టును. ప్రశ్న పుట్టినవానికి ఊహ కలుగును. కృష్ణబిలము వేరొక లోకమునకు ద్వారమని ఒకరందురు. అందు పడిన వస్తువు క్వేసారుగా మరియొకచోట వెలికి వచ్చునని వేరొకరందురు. అది ఏదో యొకనాడు భూమిని మ్రింగునని భయపడువారును కలరు.

ఈ ఊహలలో నిజమెంత? కళాశాల చదువు లేనివాడు ఇట్టి విషయములను గూర్చి ఆలోచించుట వ్యర్థమా? వ్యర్థము కాదని ఈ శాస్త్రము యొక్క చరిత్రయే చెప్పుచున్నది. అయితే ఊహకును విజ్ఞానమునకును నడుమ ఒక గడప కలదు. ఆ గడప పేరు కొలత. దానిని దాటిన ఊహలేవో, దాటలేక నిలిచిపోయినవేవో తెలిసికొనుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కృష్ణబిలమనగా నేమి?

బోయకొండపై నిలిచి ఒక రాతిని పైకి విసరినచో అది కొంత దూరము పోయి మరల క్రిందపడును. మరింత బలముగా విసరినచో మరింత ఎత్తు పోవును. సెకనుకు 11 కిలోమీటర్లకు మించిన వేగముతో విసరగలిగినచో, గాలి యొక్క అడ్డు లేకున్న, ఆ రాయి మరల భూమికి రాదు. సూర్యుని ఉపరితలము నుండి తప్పించుకొనవలెనన్న సెకనుకు సుమారు 618 కిలోమీటర్ల వేగము కావలెను. ఏలననగా సూర్యుని ఆకర్షణ అంత ఎక్కువ.

ఒక వస్తువును దాని బరువు తగ్గకుండ చిన్నదిగా అణచినకొలది దాని ఉపరితలముపై ఆకర్షణ పెరుగును. సూర్యుని అంతటిని ఆరు కిలోమీటర్ల అడ్డుకొలత గల బంతిగా అణచగలిగినచో, దాని నుండి తప్పించుకొనుటకు కావలసిన వేగము కాంతి వేగమగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లకు సమానమగును. భూమిని అట్లు చేయవలెనన్న పిల్లలాడు గోలీకాయంతకు అణచవలసియుండును. కాంతికన్న వేగముగా పోగలది ప్రకృతిలో లేదు. కావున అట్టి వస్తువు నుండి ఏదియు వెలికి రాజాలదు. అదియే కృష్ణబిలము. పేరునుబట్టి అది నేలలోని గుంట వంటిదని భావింపరాదు. మిక్కిలి చిన్నచోట మిక్కిలి ఎక్కువ ద్రవ్యము కూడియుండుటయే దాని లక్షణము.

ఒక గ్రామ పురోహితుని ఊహ

ఈ భావమును మొట్టమొదట ప్రకటించినవాడు పెద్ద వేధశాలకు అధిపతి కాడు. ఇంగ్లండులోని థార్న్‌హిల్ గ్రామమున చర్చి పురోహితుడుగా నుండిన జాన్ మిచెల్. ఆయన 1783లో రాయల్ సొసైటీకి అందిన లేఖలో, సూర్యునివంటి సాంద్రత కలిగి, సూర్యునికన్న 500 రెట్లు అడ్డుకొలత గల నక్షత్రమున్నచో దాని కాంతి దానిని వీడి పోజాలదని లెక్కగట్టి చూపెను. అట్టి నక్షత్రము మనకు కనబడదు.

ఇంతటితో ఆగినచో అది రచ్చబండ ముచ్చటగానే మిగిలెడిది. మిచెల్ మరియొక అడుగు ముందుకు వేసెను. కనబడని నక్షత్రము చుట్టును కనబడు నక్షత్రమొకటి తిరుగుచున్నచో, దాని నడకనుబట్టి కనబడనిదానిని పసిగట్టవచ్చునని ఆయన సూచించెను. తన ఊహను పరీక్షించు మార్గమును తానే చూపుటవలన ఆయన మాట నిలిచినది.

ఆ పరీక్ష జరుగుటకు దాదాపు 190 సంవత్సరములు పట్టెను. ఈ మధ్యకాలమున, 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణకు క్రొత్త సిద్ధాంతమును నిర్మించెను. 1930లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించుకొని ఓడలో ఇంగ్లండుకు పోవుచున్న 19 ఏండ్ల యువకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, ఇంధనము తీరిన నక్షత్రముల బరువునకు ఒక హద్దు కలదని లెక్కించెను. సూర్యునికి 1.4 రెట్లు మించిన అట్టి శేషము తెల్లని మరుగుజ్జు నక్షత్రముగా నిలువజాలదు. అది మరింతగా క్రుంగిపోవలసినదే. 1935లో ఆనాటి మహాపండితుడు ఎడింగ్టన్ ఈ ఫలితమును సభలో పరిహసించెను. లెక్క మాత్రము మారలేదు. చంద్రశేఖరునికి 1983లో నోబెల్ బహుమతి లభించెను. చెప్పినవాని పేరు పెద్దదైనంత మాత్రమున మాట నిజము కాదనియు, చిన్నవాడైనంత మాత్రమున అబద్ధము కాదనియు దీనివలన తెలియుచున్నది.

మిచెల్ చెప్పిన పరీక్ష 1971, 1972 సంవత్సరములందు ఫలించెను. హంస నక్షత్రరాశిలో ఎక్స్ కిరణములను వెదజల్లుచున్న ఒక చోటును పరిశోధకులు గుర్తించియుండిరి. అక్కడి నీలి నక్షత్రము కంటికి కనబడని ఒక తోడు చుట్టును 5.6 దినములకొకసారి తిరుగుచున్నదని కొలిచిరి. ఆ తోడు సూర్యునికన్న సుమారు 21 రెట్లు బరువైనదని 2021లో ప్రకటించిన కొలతలు చెప్పుచున్నవి. దానినే సిగ్నస్ ఎక్స్-1 అందురు.

గుంటూరు నుండి క్వేసార్ల వరకు

క్వేసార్ల కథను అర్థము చేసికొనుటకు మన గుంటూరుకు రావలెను. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము ఆ పట్టణము మీదుగా సాగినది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అక్కడ నిలిచి, సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని వర్ణదర్శినితో రంగులుగా విడదీసి అందలి ప్రకాశరేఖలను పరిశీలించెను. ఆనాటి పరిశీలనలలో కనిపించిన పసుపుపచ్చ రేఖ ఒకటి భూమిపై ఎరిగిన ఏ మూలకమునకును సరిపోలేదు. అది క్రొత్త మూలకమై యుండునని ఊహించి దానికి హీలియం అని పేరిడిరి. 1895లో ఆ వాయువు భూమిపైననే దొరకినది. వ్రేలిముద్రనుబట్టి మనిషిని గుర్తించినట్లు, రేఖలనుబట్టి దూరపు వస్తువును గుర్తించు విద్య ఈ విధముగా బలపడెను.

రెండవ సాధనము రేడియో. 1937లో అమెరికాలోని వీటన్ పట్టణమున గ్రోట్ రెబెర్ అను రేడియో ఇంజనీరు తన సొంత సొమ్ముతో, తన ఇంటి పెరటిలో సుమారు తొమ్మిదిన్నర మీటర్ల వెడల్పు గల రేడియో దూరదర్శినిని నిర్మించుకొనెను. రాత్రులు మేలుకొని ఆకాశము నుండి వచ్చు రేడియో తరంగములకు పటము గీసెను. ఆయనకు ఖగోళ శాస్త్రమున ఉద్యోగము లేదు. పిమ్మట పెద్ద యంత్రములు వచ్చి ఇట్టి రేడియో స్థానములను వందల కొలదిగా పట్టికలకెక్కించినవి. వానిలో ఒకటి 3సి 273.

1962 ఆగస్టులో చంద్రుడు ఈ స్థానమునకు అడ్డుగా వచ్చెను. రేడియో ధ్వని ఏ క్షణమున ఆగెనో, ఏ క్షణమున మరల వినబడెనో ఆస్ట్రేలియాలోని పార్క్స్ దూరదర్శినితో ఖచ్చితముగా కొలిచి, అది ఆకాశమున ఏ చోట నున్నదో నిర్ణయించిరి. అచ్చట నక్షత్రము వంటి చుక్క ఒకటి కనిపించినది. చంద్రుని అడ్డుపెట్టి కొలుచు ఈ పద్ధతినే ప్రధానముగా ఉద్దేశించి గోవింద స్వరూప్ నాయకత్వమున ఉదకమండలము కొండవాలుపై 530 మీటర్ల పొడవు గల రేడియో దూరదర్శినిని నిర్మించిరి. అది 1970లో పనికి వచ్చినది.

ఆ చుక్క కాంతి రేఖలు మొదట ఎవరికిని బోధపడలేదు. 1963 ఫిబ్రవరిలో మార్టెన్ ష్మిట్ అను శాస్త్రజ్ఞుడు అవి హైడ్రోజను రేఖలే యనియు, నూటికి సుమారు 16 పాళ్ళు ఎరుపు వైపునకు జరిగినవనియు గ్రహించెను. మనలను దాటి దూరముగా పోవు బస్సు యొక్క హారను మ్రోత స్థాయి తగ్గినట్లు వినబడును. అటులనే మన నుండి దూరమగు వస్తువుల కాంతి ఎరుపు వైపునకు జరుగును. విశ్వము విస్తరించుచుండుటవలన, ఎక్కువ దూరమున నున్నవానికి ఈ జరుగుబాటు ఎక్కువ. లెక్క చూడగా 3సి 273 నుండి బయలుదేరిన కాంతి మనలను చేరుటకు సుమారు 200 కోట్ల సంవత్సరములు పట్టినది. అంత దూరమున నున్నను కనబడుచున్నదనగా, అది మన పాలపుంత యంతటికన్న వంద రెట్లకు పైగా ప్రకాశించుచుండవలెను. నక్షత్రము వలె కనబడు ఇట్టి వస్తువులకు 1964లో క్వేసార్లు అను పేరు వచ్చినది.

ఊహల సంత

ఇంతటి వెలుగు ఎక్కడిది? 1960 దశకమున శాస్త్రజ్ఞులే పలు విధములుగా ఊహించిరి. మహాభారముగల ఒంటి నక్షత్రములని కొందరు, వరుసగా ప్రేలు నక్షత్రముల గుంపులని కొందరు, ద్రవ్యమును వెలికి చిమ్ము తెల్లబిలములని కొందరు అనిరి. అవి అంత దూరమున లేనే లేవనియు, సమీపమున నుండి విసరివేయబడినవనియు వాదించినవారును కలరు. అనగా పల్లెలో నేడు వినబడు ఊహలకు పండితుల నడుమ కూడ చోటు దొరకినదన్నమాట. కాబట్టి వానిని నవ్వి త్రోసివేయరాదు. ఏ కారణమున అవి నిలువలేదో తెలిసికొనవలెను.

మొదటి ఆధారము మిణుకు. జాతరలో మైలు పొడవున దివిటీలు పట్టినవారు నిలిచియున్నారనుకొనుడు. దివిటీలు దించుడను మాట ఈ చివర నుండి ఆ చివరకు చేరుటకు కాలము పట్టును. కావున ఆ వరుస యంతయు ఒక్క క్షణమున మసకబారజాలదు. వేగముగా మసకబారినదన్నచో వరుస పొట్టిదై యుండవలెను. కొన్ని క్వేసార్ల కాంతి వారములలో, దినములలో మారుచున్నది. కాంతికన్న వేగముగా ఏ వార్తయు పోదు గనుక, ఆ వెలుగు పుట్టుచోటు కొన్ని కాంతి వారముల, కాంతి దినముల మేరకు మించినది కారాదు. ఒక నక్షత్రమండలమంతటి వెలుగు అంత ఇరుకుచోట పుట్టవలెనన్న మామూలు నక్షత్రములు చాలవు.

రెండవ ఆధారము శక్తి లెక్క. సూర్యునిలో జరుగు హైడ్రోజను సంయోగమున ద్రవ్యములో వెయ్యింట ఏడు పాళ్ళు మాత్రమే శక్తిగా మారును. కృష్ణబిలములోనికి పడబోవు వాయువు దాని చుట్టును సుడి తిరుగుచు, రాపిడిచే కాగి, నూటికి పది పాళ్ళ ప్రాంతమున శక్తిని వెదజల్లగలదు. వెలుగు బిలము లోపలి నుండి వచ్చునది కాదు. గడపకు ఇవతల కాగిన వాయువు నుండి వచ్చునది. 1964లో జెల్దోవిచ్, సాల్పీటర్ విడివిడిగా చూపిన ఈ మార్గమును 1969లో లిండెన్-బెల్ విస్తరించెను.

మూడవ ఆధారము దూరము. 1979లో ఒకే క్వేసారు రెండు ప్రతిబింబములుగా కనిపించినది. నడుమ నున్న నక్షత్రమండలము దాని కాంతిని కటకము వలె వంచుటయే అందుకు కారణము. అడ్డముగా నున్న మండలమే ఎంతో దూరమున నుండగా, దాని వెనుకనున్న క్వేసారు సమీపమున నుండుట పొసగదు.

నాలుగవది చూపు. 2019 ఏప్రిల్ 10వ తేదీన ఎమ్ 87 అను నక్షత్రమండలపు కేంద్రమునందలి కృష్ణబిలము యొక్క నీడ చిత్రము వెలువడెను. దాని బరువు సూర్యునికి సుమారు 650 కోట్ల రెట్లు. మన పాలపుంత కేంద్రమున కూడ సూర్యునికన్న 40 లక్షల రెట్లకు పైబడిన కృష్ణబిలము కలదు. దాని చుట్టు తిరుగు నక్షత్రములను సంవత్సరముల తరబడి కొలిచిన గెంజెల్, గెజ్ అను వారికి పెన్‌రోజుతో పాటు 2020లో నోబెల్ బహుమతి లభించెను. ఇదియు మిచెల్ చూపిన దారియే.

భయమునకు కారణము కలదా?

కృష్ణబిలము సమస్తమును లాగివేయునను మాట సరికాదు. సూర్యుడు ఈ క్షణమున అదే బరువు గల కృష్ణబిలముగా మారినను భూమి ఇప్పటివలెనే దాని చుట్టును తిరుగుచుండును. వెలుగు, వేడి పోవును గాని, భూమి దానిలో పడదు. నిజమునకు సూర్యుడు అట్లు మారుటకు తగిన బరువు గలవాడు కాడు. మనకు తెలిసిన కృష్ణబిలములలో సమీపమైనదిగా 2022లో ప్రకటింపబడినది 1,560 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. ఒక్కొక్క కాంతి సంవత్సరము సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు.

2008 సెప్టెంబరులో యూరపునందలి పెద్ద అణుకణ యంత్రము ప్రారంభమైనప్పుడు, అందు కృష్ణబిలము పుట్టి భూమిని మ్రింగునని వదంతి వ్యాపించెను. అంతకన్న ఎక్కువ శక్తి గల కిరణములు ఆకాశము నుండి వచ్చి కోట్ల సంవత్సరములుగా మన గాలిని తాకుచునే యున్నవి. భూమి చెక్కుచెదరలేదు. ఇట్టి వార్త ఫోనులో వచ్చినప్పుడు మరియొకరికి పంపుటకు ముందు, ఎంత దూరము, ఎంత బరువు, ఎవరు కొలిచిరి అని ప్రశ్నించు అలవాటు ఇంటిలోని పిల్లలకును, పెద్దలకును మేలు చేయును.

ఔత్సాహికుల పాత్ర

ఉద్యోగముగా గాక, ఇష్టముతో ఆకాశమును పరిశీలించినవారు మన తెలుగునాట పూర్వమే కలరు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున సొంత వేధశాలను స్థాపించిరి. వారి అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపి, 1868 నాటి గ్రహణమును, 1874లో సూర్యబింబముపై శుక్రుడు దాటుటను పరిశీలించి, తమ కొలతలను లండనులోని ఖగోళ సంఘమునకు పంపిరి.

హైదరాబాదులోని నిజామియా వేధశాల పరిసరములందు పెరిగిన వేణు బప్పు బాల్యముననే ఆకాశముపై మక్కువ పెంచుకొనెను. 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకడై, పిమ్మట జవ్వాది కొండలలోని కావలూరున వేధశాలను నెలకొల్పెను. చౌడేపల్లె నుండి దాదాపు నేరుగా దక్షిణమునకు, ఆకాశమార్గమున కొలిచినచో వంద కిలోమీటర్ల లోపుననే అది యున్నది. అక్కడి 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరు పెట్టిరి.

క్వేసార్ల విషయముననే 2007లో హాలెండు దేశపు పాఠశాల ఉపాధ్యాయిని హానీ ఫాన్ ఆర్కెల్, ప్రజలందరి పరిశీలనకై ఉంచిన నక్షత్రమండలముల చిత్రములలో ఒక వింత వెలుగు మేఘమును గమనించి, ఇదేమి అని ప్రశ్నించెను. ప్రక్కనున్న మండలమునందలి క్వేసారు చల్లబడిపోయినను, దాని పూర్వపు వెలుగు ఆ మేఘమును ఇంకను ప్రకాశింపజేయుచున్నదని పరిశోధకులు తేల్చిరి. 2015 జూనులో హంసరాశిలోని వి404 అను కృష్ణబిలము విజృంభించినప్పుడు, చిన్న దూరదర్శినులు గల ఔత్సాహికుల కొలతలు కూడ పరిశోధనకు తోడ్పడెను.

వీరిలో ఎవరును ఊహతో ఆగలేదు. ఒకరు కొలిచిరి, ఒకరు వ్రాసి పంపిరి, ఒకరు సరియైన చోట ప్రశ్నించిరి.

ఊహకు మూడు పరీక్షలు

మీకు గాని, మీ పిల్లలకు గాని ఆకాశమును గూర్చి ఒక ఊహ కలిగినచో దానిని పుస్తకములో తేదీతో వ్రాసి, ఈ మూడు ప్రశ్నలు వేయుడు. ఒకటి: ఇంతకు ముందు కొలిచిన సంగతులకు ఈ ఊహ విరుద్ధముగా నున్నదా? రెండు: దీనినుండి ఏదైన ఒక అంకె, దూరమో, కాలమో, బరువో తేలుచున్నదా? మూడు: ఏమి కనబడినచో ఈ ఊహ తప్పని నేను ఒప్పుకొందును? మూడవ ప్రశ్నకు జవాబు లేని ఊహ ఎంత అందమైనదైనను విజ్ఞానము కాదు. కృష్ణబిలము వేరొక లోకమునకు ద్వారమను మాట నేటికిని ఈ మూడవ గడప వద్దనే నిలిచియున్నది.

అన్నియు తెలిసిపోయినవని కాదు. కృష్ణబిలము నడిబొడ్డున ద్రవ్యము ఏ స్థితిలో నుండునో ఎవరికిని తెలియదు. విశ్వము పుట్టిన వంద కోట్ల సంవత్సరముల లోపుననే అంత పెద్ద కృష్ణబిలములు ఎట్లు పెరిగినవో ఇంకను తేలలేదు. మన శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్‌ను, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్‌ను పంపుటలోని ఉద్దేశములలో కృష్ణబిలముల చుట్టునుండి వచ్చు ఎక్స్ కిరణముల పరిశీలన ఒకటి. పని మిగిలియున్నది. చేయువారు కావలెను.

చౌడేపల్లె ఆకాశమున

ఏప్రిల్, మే నెలలలో చంద్రుడు లేని రాత్రి, తొమ్మిది గంటల ప్రాంతమున కన్యారాశిలోని చిత్తా నక్షత్రమును చూడుడు. అక్కడి నుండి వాయవ్యమునకు, చేయి చాచి పట్టిన జానెడు దూరమున 3సి 273 కలదు. కంటికి కనబడదు. 20 సెంటీమీటర్ల దర్పణము గల దూరదర్శిని, మంచి పటము, నిజమైన చీకటి ఉన్నచో మసక చుక్కగా కనబడును. జూన్, జూలై రాత్రులలో మూలా నక్షత్రమునకు సమీపమున, ధనూరాశి అంచున పాలపుంత కేంద్రము నున్నది. వర్షకాలము ముగియువేళ నడినెత్తిన హంసరాశి యుండును. సిగ్నస్ ఎక్స్-1కు తోడైన నక్షత్రము అందు చిన్న దూరదర్శినికి అందును.

దూరదర్శిని కొనుట ఒక కుటుంబమునకు భారము కావచ్చును. పాఠశాల, గ్రంథాలయము, యువజన సంఘము కలిసి సమకూర్చుకొన్నచో పలువురకు ఉపయోగపడును. చీకటిని మాత్రము కొనలేము. వీధి దీపమునకు పైన మూత అమర్చి వెలుగు నేలపైననే పడునట్లు చేసినచో బాట బాగుగా కనబడును, కరెంటు వృథా కాదు, ఆకాశమును మిగులును. ఈ పని గ్రామ పంచాయతీ చేతిలోనిదే.

రెండు వందల నలుబది సంవత్సరములకు పూర్వము ఒక గ్రామ పురోహితుడు తన ఊహను లెక్కతో జతపరచి, పరీక్షకు నిలిపెను. నేడు లోకమంతయు ఆయన చూపిన దారిన నడచుచున్నది. మన పల్లెలలోని బాలబాలికలు అడుగు ప్రశ్నలను కసరి ఆపక, దీనిని ఎట్లు కొలుతువు అని తిరిగి అడుగుడు. వారిని విజ్ఞానపు గడపకు చేర్చు ప్రశ్న అదియే.